నడుమెత్తు గోడ

మైకు టీచరు గొంతు పోయిందంటే బడిలో మొదట ఎవరూ నమ్మలేదు. సముద్రం ఎండిపోయిందంటే నమ్మినా నమ్ముతారు గాని, ఆవిడ గొంతు పోవడమేమిటి? నాలుగో తరగతిలో ఆవిడ ‘కూర్చోండి’ అంటే, బడి నడుమనున్న ఖాళీకి అవతల రెండో తరగతి పిల్లలు కూర్చునేవారు. బడి గేటు బయట ఆటో దిగబోతున్న ఒక పెద్దమనిషి కూడా ఆ మాటకి మళ్ళీ ఆటోలోనే కూర్చుండిపోయాడని డ్రాయింగు మాస్టారు చెప్పి నవ్వేవాడు. అది కల్పనే. కాని అలాంటి కల్పనకి తగిన మనిషే ఆవిడ.

పుట్టుకతో వచ్చిన గొంతు కాదది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ మాట్లాడితే పక్కనున్న భర్తకే సరిగ్గా వినబడేది కాదు. (వినబడలేదని ఆయన అనేవాడు. ఆ సంగతి వేరు.) పాట మాత్రం సన్నగా, తీయగా ఉండేది. ఆ గొంతుని మైకుగా మార్చింది బడి. ఆ బడిని కట్టింది సొంత మరిది.

మరిదిని ఇంట్లో అందరూ ‘ఇంజనీరు’ అనేవారు. “ఇంజనీరు కాదు, ఆర్కిటెక్టుని” అని అతను మొదట్లో మొత్తుకున్నాడు. “రెండూ ఇటుకల పనే కదరా” అని అన్నగారు తేల్చేశాక ఊరుకున్నాడు.

ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఇంజనీరు లాగులేసుకునే పిల్లవాడు. వాడు చదివిన బడి ఒకప్పుడు ధాన్యం నిలవచేసిన గిడ్డంగి. గదికి ఒకే కిటికీ, అదీ పిల్లల తలల మీద ఎక్కడో. ఒక సాయంత్రం వాడు ఇంటికి రాకపోతే కొత్తకోడలే వెతుక్కుంటూ వెళ్ళింది. చిట్టచివరి గదిలో మాస్టారు శిక్షగా గోడకేసి నిలబెట్టిన పిల్లవాణ్ణి అందరూ మరిచిపోయి ఇళ్ళకి వెళ్ళిపోయారు. వాడు ఆ గోడకే ఆనుకుని, నిలబడే నిద్రపోతున్నాడు. చెంపనిండా సున్నం. ఆవిడ కొంగుతో తుడుస్తుంటే మెలకువ వచ్చి, ఏడవకుండా అన్నాడు.

“నేను పెద్దయ్యాక గోడల్లేని బడి కడతా, వదినా.”

“కట్టు నాయనా. అందులో నాకో ఉద్యోగం పడెయ్యి” అంది ఆవిడ, నవ్వించడానికి.

దేవుడు ఏ మాట వింటాడో చెప్పలేం. ఆ రెండు మాటలూ విన్నాడు.

గోడల్లేని బడి నిజంగానే లేచింది. నలుచదరపు కట్టడం, నట్టనడుమ పెద్ద ఖాళీ, ఆ ఖాళీ మీద గాజు కప్పు, చుట్టూ రెండంతస్తుల్లో తరగతులు. తరగతికీ తరగతికీ మధ్య నడుమెత్తు గోడ, అంతే. తలుపులు లేవు. కింద అద్దంలా మెరిసే రాయి, పైన పూత లేని నున్నటి కాంక్రీటు. ఏ మూల నిలబడ్డా వెలుతురు వచ్చి పలకరించేది. పక్క ఊళ్ళనుంచి జనం చూడ్డానికి వచ్చి, తలలెత్తి నోళ్ళు తెరుచుకుని తిరిగేవారు.

ప్రారంభం రోజున ఇంజనీరు పట్టుబట్టాడు. ఈ బడిలో మొదటి గొంతు వదినదే కావాలన్నాడు. ఆవిడ ఖాళీ మధ్యలో నిలబడి ప్రార్థన అందుకుంది. రాయీ, గాజూ, కాంక్రీటూ కలిసి ఆ సన్నటి గొంతుని పట్టుకున్నాయి. పైకి తీసుకెళ్ళి, నాలుగు పక్కలా తిప్పి, తేనెలో ముంచి వెనక్కి ఇచ్చాయి. ఇది నా గొంతేనా అని ఆవిడే ఉలిక్కిపడింది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంజనీరైతే స్తంభం చాటున నిలబడి చిన్నపిల్లాడిలా వెక్కాడు.

ఒక్క గొంతుని అంత చేసిన కట్టడం, బడినిండా గొంతులుంటే ఏం చేస్తుందో ఆ రోజు ఎవరికీ తోచలేదు. తోచవలసినవాడికి కళ్ళనిండా నీళ్ళు.

పిల్లలు వచ్చారు. ఒక్కో పిల్లా ఒక్కో మాటే అన్నా, ఆ మాటలన్నీ గాజు కప్పుకి తగిలి ఒకదాని మీద ఒకటి పడి, మధ్యాహ్నానికల్లా బడి సంతైపోయేది. మూడో తరగతి ఎక్కాలు నాలుగో తరగతిలోకి, నాలుగో తరగతి పద్యం అయిదో తరగతిలోకి, అయిదో తరగతి సైన్సు ఖాళీ దాటి ఎక్కడికో. పక్క టీచరు గొంతు పెంచితే ఈ టీచరు ఇంకాస్త పెంచాలి. ఆవిడ పెంచిందని ఈవిడ, ఈవిడ పెంచిందని ఆవిడ. కుళాయి దగ్గర బిందెల తగాదాలో కూడా ఎవరో ఒకరు చివరికి తగ్గుతారు. ఇక్కడ తగ్గితే పాఠం ఆగిపోతుంది.

డ్రాయింగు మాస్టారు ఒకసారి స్టాఫు రూములో మెల్లిగా కదిపాడు. “గోడల మీద దళసరి గుడ్డ తెరలు వేలాడదీద్దామా మేడం? కప్పుకి కొబ్బరిపీచు పలకలు కొట్టిద్దామా? కాస్త మోత తగ్గుతుంది.”

హెడ్‌మిస్ట్రెస్ నోరు తెరిచేలోపలే మైకు టీచరు అందుకుంది. “బడికి చీర కడతారా మాస్టారూ? బాగానే ఉంది. రేపు బొట్టు కూడా పెట్టిద్దాం.”

అందరూ నవ్వారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. “నోరు లేనివాళ్ళు టీచర్లెందుకయ్యారండీ? నాకు వినబడట్లేదని మా క్లాసులో ఒక్కరన్నా అన్నారేమో అడగండి.”

అది నిజమే. రోజూ పాఠం మొదలుపెడుతూ “వెనకవాళ్ళకి వినబడుతోందా?” అని ఆవిడ అడిగేది. “వినబడుతోందండీ” అని క్లాసంతా ఒక్క గొంతై పలికేది.

మోత ఆవిడకి మాత్రం తెలియదా? తెలుసు. ఇంటికి వెళ్ళాక చాలాసేపు చెవుల్లో హోరు ఆగేది కాదు. కాని మరిది ఇంటికి వచ్చినప్పుడల్లా మొదట అడిగేది ఒకటే. “బడి ఎలా ఉంది వదినా?” ఆ అడగడంలో చెంపమీద సున్నం ఇంకా కనిపించేది. “బ్రహ్మాండం నాయనా” అనేది ఆవిడ. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ కాకి వదినకి ముద్దు.

ఆ క్లాసులో చివరి బెంచీ మీద ఒక పిల్ల ఉండేది. ఏదైనా చెప్తే అందరూ పుస్తకం తెరిచాక, పక్కపిల్లని చూసి తను తెరిచేది. అందరూ లేచాక లేచేది. ఒకరోజు మైకు టీచరు నదుల పాఠం చెప్తూ, ఫలానా నది ఎక్కడ పుట్టిందని అడిగితే, ఆ పిల్ల లేచి నిలబడి, చలికాలంలో నీళ్ళు తక్కువ దొరుకుతాయి కాబట్టి చెట్టు ఆకులు రాల్చుకుంటుందని చెప్పింది. క్లాసు గొల్లుమంది.

“తల్లీ, నువ్వు ఏ లోకంలో ఉన్నావు? పరాకు, పరాకు!” అంది టీచరు.

అంతే, ఆ పిల్ల పేరు పరాకైపోయింది. టీచరు ముద్దుగానే పిలిచేది. ముద్దు పేరు పెట్టినవాళ్ళకే ముద్దు. సంవత్సరం ఆఖర్న తండ్రి వచ్చి నిలబడితే, “పిల్ల మంచిదేనండీ, బుర్రే పరాకు. కింది క్లాసులో ఇంకోసారి కూర్చుంటే గట్టిపడుతుంది” అని మనస్ఫూర్తిగా సలహా ఇచ్చింది. తండ్రి ఆలోచించి, తోటిపిల్లల ముందు చిన్నతనంగా ఉంటుందని, ఊరికి అవతల మేనత్త ఇంట్లో పెట్టి, అక్కడి బడిలో కింది క్లాసులో వేశాడు.

ఆ తరవాతే టీచరు గొంతు మొరాయించింది. మొదట జీర, తరవాత గురగుర, ఒక పొద్దున ‘కూర్చోండి’ అని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు మర్యాదగా నిలబడే ఉన్నారు.

గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూశాడు. “రోకలి పట్టిన చేతికి కాయలు కాస్తాయి చూశారా, అలా మీ స్వరపేటిక మీద కాశాయి. మీరేం చేస్తుంటారు? కూరగాయలు అమ్ముతారా?”

“టీచరండీ” అన్నాడు పక్కనున్న భర్త.

“అయ్యో. కూరగాయలే నయం, సాయంత్రానికి అయిపోతాయి. నేను చెప్పేదాకా మాట్లాడకూడదమ్మా. గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చేటు.”

ఇంట్లో నిశ్శబ్దం దిగింది. పెళ్ళయినప్పటినుంచీ తన వంతు కోసం కాచుకున్న భర్తకి మాట్లాడే అవకాశం దొరికింది. తీరా చూస్తే ఆయన దగ్గర చెప్పడానికేమీ లేదు. మూడో రోజుకి పలకా బలపం కొనుక్కొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. “ఏమోయ్, కనీసం రాతపూర్వకంగానైనా తిట్టు. ఇల్లు ఇల్లులా లేదు.”

సెలవు అయిపోయింది. గొంతు రాలేదు. హెడ్‌మిస్ట్రెస్ దయగల మనిషి. కొత్త టీచరు పాఠం చెప్తుంది, మీరు ఊరికే వెనక కూర్చుని పిల్లల్ని చూసుకోండి అంది. క్లాసులో ఒక్కచోటే ఖాళీ ఉంది. చివరి బెంచీ, అయిదో తరగతి గోడని ఆనుకుని. పరాకు కూర్చున్న చోటు. మైకు టీచరు మోకాళ్ళు మడుచుకుని అందులో ఇరుక్కుంది.

కొత్త టీచరు బోర్డు దగ్గర నిలబడి పెదవులు కదిపింది. ఏదో చెప్తోంది. మాటలు కావు, మాటల నీడలు వస్తున్నాయి. ముందు బెంచీల మీదుగా కదిలి, పైన కాంక్రీటుకి తగిలి, మూడో తరగతి ఎక్కాలతో కలిసి, ముద్దగా వచ్చి పడుతున్నాయి. ఈ పిల్లకి నోరు లేదు పాపం, అనుకుంది మైకు టీచరు. మరుక్షణం చూస్తే ఆ అమ్మాయి మెడనరాలు తాళ్ళలా పొంగి ఉన్నాయి. అరుస్తోంది.

అదే సమయంలో, చెవి పక్కన ఎవరో కూర్చుని చెప్పినట్టు, స్పష్టంగా ఒక గొంతు వినబడింది. “విత్తనానికి మొలకెత్తడానికి ఏమేం కావాలి?”

ఆవిడ తల తిప్పింది. నడుమెత్తు గోడకి అటుపక్క, చెయ్యి చాపితే అందేంత దూరంలో, అయిదో తరగతి టీచరు బోర్డుకి చేరబడి సైన్సు చెప్తోంది.

మైకు టీచరుకి పరాకు చెప్పిన జవాబు గుర్తొచ్చింది. చెట్టు ఆకులెందుకు రాలుస్తుంది? నీళ్ళు తక్కువ కాబట్టి. సరైన జవాబు. తప్పేమీ లేదు. అయిదో తరగతిలో చెప్పి ఉంటే చప్పట్లు కొట్టేవారు. మైకు గొంతైనా ఈ బెంచీకి ముద్దగానే చేరిందన్నమాట. ఆ పిల్ల పరాకుగా లేదు. సంవత్సరమంతా కళ్ళార్పకుండా, చెవులు రిక్కించి, తనకి వినబడిన పాఠం శ్రద్ధగా నేర్చుకుంది.

“వెనకవాళ్ళకి వినబడుతోందా?” కొత్త టీచరు చేతులు చెవుల దగ్గర పెట్టి అడిగినందువల్ల ఆ ప్రశ్న తెలిసింది. ముందు బెంచీలు “వినబడుతోందండీ” అని ఎత్తుకున్నాయి. రాగం అందుకుని వెనక బెంచీలు కలిశాయి. మైకు టీచరు పక్కన కూర్చున్న పిల్లాడు కూడా హాయిగా నోరు తెరిచి పాడాడు. ప్రశ్నే వినబడనివాడు లేదని ఎలా చెప్తాడు?

మధ్యాహ్నానికి ఆవిడకి కణతలు పోట్లెత్తాయి. చుట్టూ చూసింది. ఒకడు బెంచీ మీద తల వాల్చాడు. ఒకమ్మాయి రెండు చేతులతో చెవులు మూసుకుని పుస్తకం చూస్తోంది. బద్ధకం అనీ, పొగరు అనీ తను రోజూ తిట్టింది వీళ్ళనే.

ఆ వారమే ఇంజనీరు వచ్చాడు. చంకలో కాగితాల చుట్ట, ముఖంలో మతాబులు.

“వదినా! రెండో బడి! ఇదే నమూనా, దీనికి రెట్టింపు. కట్టించేవాళ్ళ కమిటీ ఈ ఆదివారం మన బడి చూడ్డానికి వస్తోంది. చూసి సరేనంటే వచ్చే నెల పునాది. నువ్వు పాడలేవనుకో, ఊరికే వచ్చి నిలబడు చాలు. నువ్వు లేకపోతే నాకు కలిసిరాదు.”

భోజనాల బల్ల మీద కాగితం పరిచాడు. అదే ఖాళీ, ఇంకా పెద్దది. అవే నడుమెత్తు గోడలు, ఇంకా ఎక్కువ. మైకు టీచరు వేలితో ఒక గోడ పట్టుకుని చివరిదాకా నడిచింది. గోడ చివర ఒక బెంచీ గుర్తు. దాని మీద ఇంకా ఎవరూ కూర్చోలేదు.

పలక తీసుకుంది. ‘ఆదివారం వద్దు. పనిరోజు తీసుకురా.’

“పనిరోజా? గోలగా ఉంటుంది వదినా. పిల్లలుంటే బిల్డింగు కనిపించదు.”

ఆవిడ అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అతను ఆ మాట నవ్వుతూ అన్నాడు. నవ్వు కాసేపు ముఖం మీద ఉంది. తరవాత, ఎందుకో తెలియకుండానే, తగ్గింది.

‘నువ్వు పనిరోజు ఎప్పుడైనా వచ్చావా?’ అని రాసింది.

“రాకేం... ఫోటోలకి వచ్చినప్పుడు... అదీ సెలవు రోజేలే.” గొంతు సవరించుకున్నాడు. “ఏం, వదినా?”

‘రేపు రా. ఒక్కడివే రా.’

వచ్చాడు. చివరి బెంచీ మీద కూర్చోమని వేలితో చూపించింది. పొడుగు మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పిల్లలు నవ్వారు, అతనూ నవ్వాడు. ఆవిడ స్తంభం పక్కన నిలబడింది. ప్రారంభం రోజు అతను నిలబడి ఏడ్చిన స్తంభమే.

కొత్త టీచరు పాఠం మొదలుపెట్టింది. ఇంజనీరు చెవి రిక్కించాడు. తరవాత మెడ సాచాడు. పైన కప్పుకేసి చూశాడు, గాజుకేసి చూశాడు, కాళ్ళ కింద రాయికేసి చూశాడు, ఇంట్లో దొంగతనం జరిగితే ఒక్కొక్క మనిషినే అనుమానంగా చూసినట్టు. చివరికి తల అయిదో తరగతి వైపు తిరిగింది. అటే ఉండిపోయింది.

గంట కొట్టారు. ఆ గంట మోత గాజుకి తగిలి తిరిగొచ్చినప్పుడు పక్కనున్న పిల్లలందరూ అలవాటుగా చెవులు మూసుకున్నారు. అతనొక్కడే మూసుకోలేదు. తన వంతన్నట్టు, మొత్తం విన్నాడు.

మెట్ల దగ్గర నిలబడి అడిగాడు. “ఎప్పట్నించి ఇలా ఉంది?”

‘మొదటి రోజు నుంచి.’

“నువ్వు బ్రహ్మాండం అన్నావు.”

ఆవిడ పలక తుడిచింది. చెప్పడానికి చాలా ఉంది. పలక చిన్నది.

“నేను బాధపడతానని చెప్పలేదు. అంతేనా?” అతని గొంతు పెరగలేదు, దిగింది. “ఇంతమంది పిల్లల్ని పణంగా పెట్టి నన్ను ముద్దు చేశావా, వదినా? ఆ గిడ్డంగి బళ్ళో మా మాస్టారైనా గోడ దగ్గర నిలబెట్టింది నన్నొక్కణ్ణే.”

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ మెట్ల మీద అతని బూట్ల చప్పుడు చాలాసేపు వినబడింది. ఆ కట్టడంలో ఏ చప్పుడూ తొందరగా పోదు.

తరవాత చాలా రోజులు అతను ఇంటికి రాలేదు. ఆదివారం కమిటీని మాత్రం రావద్దన్నాడనీ, కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నాడనీ భర్త చెప్పాడు. రెండో బడికి గదికో తలుపు, కప్పుదాకా గోడలు, గోడనిండా పెద్ద కిటికీలు గీస్తున్నాడట. “మొత్తానికి గోడలు కట్టే ఇంజనీరయ్యాడు” అన్నాడాయన.

వేసవి సెలవుల్లో పాత బడికీ పని జరిగింది. నడుమెత్తు గోడలు పైకి లేచాయి. పై భాగంలో గాజు పెట్టి వెలుతురు పోకుండా చూశారు. కప్పుకి కొబ్బరిపీచు పలకలు కొట్టారు. ఖాళీ చుట్టూ దళసరి తెరలు దిగాయి. బడికి చీర కట్టారు. డ్రాయింగు మాస్టారు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. ఇంజనీరు రోజూ వచ్చి నిలబడి చేయించాడు. వదిన ఎదురైతే “భోంచేశావా వదినా?” అని అడిగేవాడు. బడి ఎలా ఉందని మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు.

గొంతు కొంత తిరిగొచ్చింది. సన్నగా, పగిలి, పాత తలుపు కిర్రుమన్నట్టు. ఇప్పుడు బడిలో ఆ గొంతే చాలు. పిల్లలు తలలు వాల్చడం తగ్గింది. ‘కూర్చోండి’ అని మామూలుగా అంటే చివరి బెంచీ కూడా కూర్చుంటోంది. పాట మాత్రం పోయింది. ప్రార్థన ఇప్పుడు కొత్త టీచరు పాడుతుంది. తెరలున్నాయి కాబట్టి ఆ గొంతు ఎంతదో అంతే వినిపిస్తుంది.

ఒక సాయంత్రం పనిమీద ఊరికి అవతలికి వెళ్ళి, తిరుగు బస్సు కోసం నిలబడితే, రోడ్డు అంచున బడి సంచీతో పరాకు కనిపించింది. పొడుగైంది. చుట్టూ ఉన్న తోటిపిల్లలందరూ దాని భుజం దాకానే ఉన్నారు. టీచర్ని చూసి పక్కకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

మైకు టీచరు ఈ మాట ఎన్నిసార్లో మనసులో కూర్చుకుంది. బిడ్డ పేరుతో మొదలుపెట్టింది, అసలు పేరుతో. “నువ్వు పరాకు కాదమ్మా. నీకు వినబడలేదు, అంతే. ఆ రోజు నువ్వు చెప్పింది సరైన జవాబే. తప్పు నాది.”

బస్సొకటి, దాని వెనక లారీ ఒకటి, రెండూ హారన్లు కొట్టుకుంటూ పోయాయి. ఆ మోతలో పగిలిన గొంతు ఆవిడ నోరు దాటి ఎంతదూరం వెళ్ళిందో.

పిల్ల తల కొంచెం పక్కకి వంచి, టీచరు పెదవులకేసి చూస్తోంది. ముఖంలో అదే పాత కంగారు. తరవాత తప్పంతా తనదేనన్నట్టు చిన్నగా నవ్వింది.

“పరాకుగా ఉన్నానండీ టీచర్. మళ్ళీ చెప్పండి.”

టీచరు మళ్ళీ చెప్పబోయింది. గొంతు రాలేదు.